దశావతార క్రమం – పరిణామవాదం: ఒక సమన్వయ పరీక్ష

ఉపోద్ఘాతం

మత్స్యం నీటి జీవి. కూర్మం నీటిలోను నేలపైన చరించేది. వరాహం నేలమీది మృగం. నరసింహుడు మృగమానవుల సంధి. వామనుడు పూర్తిగా ఎదగని మానవుడు. పరశురాముడు గొడ్డలి చేపట్టిన వనవాసి. శ్రీరాముడు రాజధర్మం నెరిగిన నాగరికుడు. ఈ వరుస చెప్పి, పందొమ్మిదవ శతాబ్దిలో డార్విన్ కనుగొన్నదాన్ని మన పౌరాణికులు ముందే దర్శించారని ముగించటం ఉపన్యాస వేదికల మీద చిరకాలంగా పరిపాటి. 2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన 106వ భారత వైజ్ఞానిక మహాసభలో ఆంధ్రప్రదేశ్‌లోని ఒక విశ్వవిద్యాలయ ఉపకులపతి, దశావతారాలు డార్విన్ సిద్ధాంతం కంటె మేలైనవని చెప్పటంతో ఈ మాట పత్రికలకెక్కింది.

వినటానికి ఇంపైన ఈ సమన్వయం పురాణ వాఙ్మయం ముందు నిలుస్తుందా, జీవశాస్త్రం ముందు నిలుస్తుందా అన్న రెండు ప్రశ్నలను పరీక్షించటం ఈ వ్యాసోద్దేశం. పురాణాలను మూలంలో చదివి బోధించే వారికి ఈ పరీక్ష విధి కూడా.

పూర్వపక్షం పుట్టిన సందర్భం

డార్విన్ రచించిన 'జాతుల ఉత్పత్తి' 1859 నవంబరులో లండన్‌లో వెలువడింది. దేవుడు ఒక్కొక్క జాతిని వేరువేరుగా సృజించాడన్న బైబిలు కథనానికి అది విరుద్ధంగా కనిపించింది. సృష్టి క్రీ.పూ. 4004లో జరిగిందని పదిహేడవ శతాబ్దిలో ఆర్చిబిషప్ అషర్ గణించి ఉన్నాడు. ఆ స్వల్పకాలంలో జాతుల మార్పుకు తావు లేదు. 1860లో ఆక్స్‌ఫర్డ్‌లో బిషప్ విల్బర్‌ఫోర్స్‌కు, హక్స్‌లీకి జరిగిన వాగ్వాదం, 1925లో అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో పరిణామవాదం బోధించినందుకు స్కోప్స్ అనే ఉపాధ్యాయునిపై జరిగిన విచారణ ఈ సంఘర్షణకు ప్రసిద్ధ ఘట్టాలు.

మన దేశంలో ఇటువంటి సంఘర్షణ తలెత్తలేదు. బ్రహ్మకు ఒక పగలు 432 కోట్ల మానవ సంవత్సరాలని లెక్కించిన సంప్రదాయానికి దీర్ఘకాలం భయం గొల్పదు. జీవుడు కర్మవశాన పశుపక్షి మనుష్య యోనులలో సంచరిస్తాడన్న విశ్వాసం ఉన్నచోట మనిషికి, మృగానికి బంధుత్వం చెబితే ఆశ్చర్యం కలగదు. అందువల్ల ఇక్కడ ఖండనకు బదులు సమన్వయం పుట్టింది. దివ్యజ్ఞాన సమాజ స్థాపకులలో ఒకరైన బ్లావట్‌స్కీ 1877లో వెలువరించిన గ్రంథంలో అవతార క్రమాన్ని పరిణామ క్రమంతో పోల్చింది. బ్రహ్మసమాజ నాయకుడు కేశవచంద్ర సేన్ 1882లో కలకత్తాలో చేసిన ఉపన్యాసంలో ఇదే భావాన్ని ప్రతిపాదించాడు. తరువాత శ్రీ అరవిందులు అవతార పరంపరను పరిణామానికి ఒక దృష్టాంత కథగా భావించారు.

ఇక్కడ గమనింపదగిన విషయం ఒకటి ఉంది. ఈ వ్యాఖ్యానాలన్నీ 1859కి తరువాతివి. భాగవత వ్యాఖ్యాతలలో ప్రసిద్ధుడైన శ్రీధరుడు మొదలైన ప్రాచీనులు అవతారాలను ప్రయోజన భేదంతో, భగవల్లీలగా వివరించారే గాని జాతుల ఆరోహణంగా వివరించలేదు. ముందే దర్శించామన్న మాట డార్విన్ చెప్పిన తరువాతనే మనకు స్ఫురించింది.

అవతార శబ్దార్థం

'అవ' ఉపసర్గ పూర్వకమైన 'తౄ' ధాతువు నుండి అవతార శబ్దం నిష్పన్నమైంది. దిగటం దాని అర్థం. ఉన్నతస్థితిలో ఉన్న పరమాత్మ, ధర్మరక్షణ కోసం, తన ఇచ్ఛతో దిగివస్తాడు. పరిణామవాద సమన్వయం దీన్ని తలక్రిందులు చేసి, నిమ్నస్థితి నుండి ఉన్నతస్థితికి ఎక్కే నిచ్చెనగా చూపుతుంది. అప్పుడు మత్స్యమూర్తి శ్రీరామునికి 'వెనుకబడిన' రూపం కావలసి వస్తుంది. అన్ని అవతారాలలోను పూర్ణత్వాన్ని అంగీకరించే భక్తునికి గాని, భగవద్విగ్రహం అప్రాకృతమని, శుద్ధసత్త్వమయమని చెప్పే విశిష్టాద్వైతికి గాని ఇది సమ్మతం కాదు.

క్రమ విచారం

సమన్వయమంతా క్రమం మీద ఆధారపడింది. కనుక ఆ క్రమం ఎంత ప్రాచీనం, ఎంత స్థిరం అన్నది ముఖ్యం.

శతపథ బ్రాహ్మణంలో మనువును జలప్రళయం నుండి రక్షించిన చేప కథ ఉంది. అందులో ఆ చేప విష్ణువని లేదు. మహాభారత వనపర్వంలో ఆ మత్స్యం తాను బ్రహ్మనని చెప్పుకొంటుంది. కూర్మరూపం శతపథంలో ప్రజాపతిది. భూమిని ఉద్ధరించిన వరాహం తైత్తిరీయ సంహితలో ప్రజాపతి రూపమే. వామన త్రివిక్రమ గాథ ఒక్కటే వేదకాలం నుండి విష్ణువుకు చెందినది. అనగా వేరువేరు కాలాలలో వేరువేరు దేవతలకు చెందిన గాథలు క్రమంగా విష్ణుపరమైనాయి. నేడు మనమెరిగిన దశావతారాల వరుస ఒక్కసారిగా దర్శింపబడినది కాదు.

పట్టికలు కూడ ఏకరూపాలు కావు. శాంతిపర్వంలోని నారాయణీయంలో కొన్ని ప్రతులు హంసతో అవతారాలను మొదలుపెడతాయి. మరికొన్నింట మత్స్యకూర్మాలు లేవు. భాగవత ప్రథమ స్కంధం మూడవ అధ్యాయంలోని పట్టిక సనకాది కుమారులతో ఆరంభమవుతుంది. రెండవది వరాహం. నారదుడు, కపిలుడు, దత్తాత్రేయుడు, పృథువు మొదలైన వారి తరువాతనే పదవ స్థానంలో మత్స్యం, పదకొండవ స్థానంలో కూర్మం వస్తాయి. అవతారాలు అసంఖ్యాకాలని అక్కడే చెప్పబడింది. పోతనామాత్యుని ఆంధ్రీకరణం ద్వారా ఈ వరుస తెలుగువారికి సుపరిచితం. జయదేవుని గీతగోవిందంలో కృష్ణుడు అవతారి గనుక పదిమందిలో లేడు. ఆ స్థానంలో హలధరుడున్నాడు.

పట్టికలను విడిచి పౌరాణిక కాలగణనను ఆశ్రయించినా ఫలితం ఇంతే. భాగవతం ప్రకారం వరాహావతారం మొదటిదైన స్వాయంభువ మన్వంతరంలోనిది. క్షీరసాగర మథనం, దానితోపాటు కూర్మావతారం ఆరవదైన చాక్షుష మన్వంతరంలోనివి. మత్స్యం రక్షించిన ద్రవిడ రాజు సత్యవ్రతుడే ఏడవ మనువైన వైవస్వతుడు. అనగా పురాణ దృష్టిలో చేప కంటె, తాబేలు కంటె పంది ముందు. మనం సంకల్పంలో నిత్యం స్మరించే ఈ కల్పానికే శ్వేతవరాహ కల్పమని పేరు. పైగా మత్స్యావతార సమయానికి రాజులు, ఋషులు, అర్ఘ్యజలాలు, ఓడ అన్నీ ఉన్నాయి. మానవుడు లేని ఆదిమ సముద్రం ఆ కథలో లేదు.

జీవశాస్త్ర దృష్టి

ఇక రెండవ పక్షం. డార్విన్ చెప్పినది కేవలం చేప నుండి మనిషి వరకు ఒక వరుస కాదు. ఒకే జాతిలోని ప్రాణులలో స్వల్ప భేదాలుంటాయి, వాటిలో కొన్ని సంతానానికి సంక్రమిస్తాయి, పుట్టినవన్నీ బ్రతకవు, పరిసరాలకు అనుకూలమైన భేదం గలవి ఎక్కువ సంతానాన్ని మిగులుస్తాయి. తరతరాలుగా ఇది జరగగా జాతి స్వరూపమే మారుతుంది. దీనికి ప్రకృతివరణమని పేరు. ఆయన గ్రంథంలోని ఒకే ఒక్క పటం శాఖోపశాఖలుగా చీలిన వృక్షం వంటిది. నిచ్చెన వంటిది కాదు. వరాహం మానవునికి పూర్వీకం కాదు. రెండూ ఒక ప్రాచీన క్షీరద మూలం నుండి చీలిన కొమ్మలు. కూర్మం ఉభయచరం కాదు, సరీసృపం. సముద్రపు తాబేళ్లు నేలమీది పూర్వీకుల నుండి తిరిగి నీటికి మరలినవి. సింహశిరస్సు, మానవదేహం గల మధ్యమ జాతి ఏదీ శిలాజాలలో లేదు. అన్నింటికంటె ముఖ్యంగా, ప్రకృతివరణానికి గమ్యం లేదు. అవతారానికి ప్రయోజనమే ప్రాణం.

432 కోట్ల సంవత్సరాల కల్పానికి, సుమారు 454 కోట్ల సంవత్సరాల భూమి వయస్సుకు పోలిక చూపటం కూడ ఇటువంటిదే. కల్పం బ్రహ్మదివసపు పూర్తి పరిమాణం. పంచాంగ గణన ప్రకారం అందులో ఇప్పటికి గడచినది సుమారు 197 కోట్ల సంవత్సరాలే.

పరిణామ శబ్దం తెచ్చిన చిక్కు

తెలుగులో డార్విన్ సిద్ధాంతానికి పరిణామవాదమని పేరు స్థిరపడటం ఈ భ్రాంతికి కొంత దోహదం చేసింది. సాంఖ్యులకు పరిణామం సత్కార్యవాదంలో భాగం. కారణంలో అవ్యక్తంగా ఉన్నదే కార్యంగా వ్యక్తమవుతుంది. పాలు పెరుగైనట్లు ప్రకృతి మహత్తుగా, అహంకారంగా, తన్మాత్రలుగా పరిణమిస్తుంది. ఇది తత్త్వాల ఆవిర్భావ క్రమం, జంతుజాతుల చరిత్ర కాదు. జీవశాస్త్రంలోనైతే పూర్వం లేని భేదం కొత్తగా పుట్టవచ్చు. యోగసూత్రాల కైవల్యపాదంలో రెండవ సూత్రం జాత్యంతర పరిణామాన్ని పేర్కొంటుంది. 1896లో వెలువడిన రాజయోగంలో వివేకానందస్వామి దీన్ని డార్విన్ మతానికి ప్రత్యామ్నాయంగా వ్యాఖ్యానించారు. సూత్ర సందర్భం మాత్రం సిద్ధులది. ఒక జీవుని దేహేంద్రియాల మార్పు అందులోని విషయం. స్వామి వ్యాఖ్యానం ఆధ్యాత్మికంగా ఉదాత్తం. దాన్ని జీవశాస్త్ర ప్రమేయంగా గ్రహించటం అనుచితం.

ఉపసంహారం

ఈ చర్చ కేవలం పండిత వినోదం కాదు. 2018 జనవరిలో ఒక కేంద్ర సహాయమంత్రి, కోతి మనిషిగా మారటం ఎవరూ చూడలేదు గనుక డార్విన్ సిద్ధాంతాన్ని పాఠ్యాంశాల నుండి తొలగించాలన్నప్పుడు దేశంలోని మూడు వైజ్ఞానిక అకాడమీలు కలిసి ఆక్షేపించాయి. 2023లో జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి పదవ తరగతి విజ్ఞాన పుస్తకం నుండి పరిణామ పాఠాన్ని తీసివేసినప్పుడు 1800 మందికి పైగా శాస్త్రజ్ఞులు, అధ్యాపకులు బహిరంగ లేఖ వ్రాశారు. సమన్వయవాది డార్విన్‌ను కొనియాడినట్లే కనిపిస్తాడు. అయితే 'ఇది మనకు ముందే ఉంది' అన్న తరువాత అసలు సిద్ధాంతాన్ని చదవవలసిన అవసరం విద్యార్థికి మిగలదు. పురాణాన్ని చదవవలసిన అవసరమూ మిగలదు; పది పేర్ల వరుస తెలిస్తే చాలు.

ఏ ప్రమాణానికి ఏది విషయమో నిర్ణయించుకొనే పద్ధతి మన శాస్త్రాలలోనే ఉంది. ఇతర ప్రమాణాలకు అందని ధర్మమే వేదానికి విషయమని మీమాంసకుల మతం. ప్రత్యక్షానికి విరుద్ధమైన అర్థం శ్రుతిలో కనిపిస్తే ఆ వాక్యానికి వేరు తాత్పర్యం వెదకాలని శంకర భగవత్పాదులు గీతాభాష్యం తుది అధ్యాయంలో స్పష్టపరిచారు. ఈ దృష్టితో చూస్తే జాతుల చరిత్రకు శిలాజాలు, శరీర నిర్మాణం, వంశానుగత ద్రవ్యం ప్రమాణాలు. భగవత్కారుణ్యానికి పురాణం ప్రమాణం. రెండింటికీ విరోధం లేదు గనుక సంధి చేయవలసిన అగత్యమూ లేదు. విజ్ఞానశాస్త్రం తన నిర్ణయాలను నిరంతరం సవరించుకొంటుంది. అది దాని గుణం. ఆ నిర్ణయాల మీద విశ్వాసాన్ని నిలబెడితే, వాటిని సవరించినప్పుడల్లా విశ్వాసం కదులుతుంది. చేప రూపంలోనైనా, పంది రూపంలోనైనా దిగివచ్చి రక్షించే దైవాన్ని చెప్పిన మన పౌరాణికులకు డార్విన్ సాక్ష్యం అక్కరలేదు. డార్విన్‌కు వారి సాక్ష్యమూ అక్కరలేదు.