తారు కింద దాగిన లెక్క

మన ఊళ్ళో ఎవరైనా సొంత ఇల్లు కట్టించుకుంటూ ఉంటే చూడండి. పునాదులు తీసిన నాటి నుంచి ఆ ఇంటి యజమానికి కంటి మీద కునుకుండదు. ఎండలో గొడుగు వేసుకుని నిలబడి ఇటుకలు లెక్క పెడతాడు. సిమెంటులో ఇసుక పాలు ఎక్కువైందేమోనని వేళ్ళతో నలిపి చూస్తాడు. మేస్త్రీ ఒక పూట రాకపోతే కబురు మీద కబురు పంపిస్తాడు. అదే మనిషి, తన ఇంటి ముందే ప్రభుత్వం వారు రోడ్డు వేయిస్తూ ఉంటే, దుమ్ము లోపలికి వస్తుందని తలుపు వేసుకుంటాడు! ఆ రోడ్డుకు పోస్తున్న డబ్బు కూడా తనదేనన్న సంగతి ఆయనకు తోచదు. అందరి సొత్తు గనుక అది ఎవరి సొత్తూ కాదు. రోడ్ల పేరిట జరిగే దుబారాకు మొదటి మెట్టు ఈ మూసిన తలుపేనని నా అభిప్రాయం.

నేను ఇంజనీరును కాను. కాని రోడ్డు దొంగతనం అర్థం కావడానికి ఇంజనీరింగు చదవనక్కరలేదు. బడిలో నేర్చిన గుణకారం చాలు. పల్లెకు వేసే ఒంటి వరస రోడ్డు వెడల్పు సాధారణంగా 3.75 మీటర్లు. కంకర పరచి, నీళ్ళు చల్లి, రోలరుతో తొక్కించిన తర్వాత ఒక పొర మందం 75 మిల్లీమీటర్లు ఉండాలనుకుందాం. కిలోమీటరు పొడవున ఆ పొర సుమారు 281 ఘనపు మీటర్లు ఉండాలి. కంట్రాక్టరు 75కు బదులు 50 మిల్లీమీటర్లతో సరిపెడితే సుమారు 188 ఘనపు మీటర్లతో పని తీరిపోతుంది. అంటే మూడు లారీల కంకర రావలసిన చోట రెండే వస్తాయి. మూడో లారీ కాగితం మీద వస్తుంది. ఇంతా చేస్తే తగ్గించింది ఒక్క అంగుళం!

ఆ అంగుళం మీద తారు పోశాక ఇక బ్రహ్మదేవుడికైనా కనపడదు. ప్రారంభోత్సవం నాడు రోడ్డు నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది. రిబ్బను కత్తిరిస్తారు, దండలు వేస్తారు, ఫొటోలు తీస్తారు. తొలకరిలో నాలుగు వానలు పడి, ఇసుక లారీలు రెండు నెలలు తిరిగేసరికి తారు పెచ్చులు పెచ్చులుగా లేచిపోతుంది. అడిగితే, “వానలు ఎక్కువగా కురిశాయండీ” అంటారు. పాపం, వరుణదేవుడికి సంజాయిషీ చెప్పుకునే అవకాశం లేదు గదా!

మా పేటలో ఒక పెద్దాయన ఉన్నారు. పూర్వం ఓవర్సీరు అనేవారే, ఆ ఉద్యోగంలో చేరి, రోడ్డు పనుల్లోనే జుట్టు నెరిసి, ఇప్పుడు పింఛను పుచ్చుకుంటూ ఇంటి పట్టున ఉంటున్నారు. ఒకనాటి సాయంత్రం ఈ అంగుళం సంగతి ఆయన దగ్గర ఎత్తాను.

“అంత మందం తగ్గిస్తే ఎవరూ కనిపెట్టరాండీ?”

ఆయన నవ్వారు. “కనిపెట్టకేం బాబూ! గడ్డపారతో ఒక చోట గొయ్యి తీసి స్కేలు పెడితే క్షణంలో తెలుస్తుంది. తీసేవాళ్ళేరీ? అయినా డబ్బిచ్చేది నేల మీద ఉన్న రోడ్డుకు కాదు, ఎం-బుక్కులో ఉన్న రోడ్డుకు.”

ఎం-బుక్కు అంటే కొలతల పుస్తకం. పేజీలకు వరస నంబర్లుంటాయి. ఏ చోట ఎంత పొడవు, ఎంత వెడల్పు, ఎంత మందం పని జరిగిందో కింది ఇంజనీరు స్వయంగా కొలిచి అందులో రాయాలి. పై ఇంజనీరు వచ్చి కొన్ని కొలతలు సరిచూసి సంతకం చేయాలి. ఆ అంకెలను బట్టే బిల్లు తయారవుతుంది. ఏర్పాటు చక్కగానే ఉన్నది. కాని కొలిచేవాడూ, సరిచూసేవాడూ, కొలిపించుకునేవాడూ ఒక్కటైతే ఆ పుస్తకాన్ని మించిన కల్పిత కథ మరొకటి ఉండదు.

“మీ చేత ఎప్పుడైనా అలా రాయించారా?” అని అడిగాను, కాస్త జంకుతూనే.

ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. పై పంచె సర్దుకుని, “ఒక ఏడాది రాయనన్నాను. ఆ ఏడాది నన్ను మూడు చోట్లకు బదిలీ చేశారు. పిల్లల చదువులు మూడు ఊళ్ళ పాలయ్యాయి” అన్నారు. ఆ పై ఏడాది ఏమైందో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అంటారు. కాని అందరూ తప్పుదారిని పోతున్నప్పుడు సరైన దారిని పోయేవాడే ఉలిపికట్టె అనిపించుకుంటాడు. అటువంటి ఒక యువకుడి కథ ఇప్పుడు చెబుతాను. ఇది కల్పన కాదు; దేశమంతా ఎరిగినదే.

ఢిల్లీ, ముంబై, చెన్నై, కోల్‌కతాలను కలుపుతూ 5,846 కిలోమీటర్ల పొడవున వేసిన స్వర్ణ చతుర్భుజి రహదారి మనకు కొత్త కాదు. చెన్నై నుంచి కోల్‌కతాకు పోయే భుజం మన నెల్లూరు, ఒంగోలు, విజయవాడ, విశాఖపట్నం మీదుగానే పోతుంది. ఈ పథకానికి 1999లో శంకుస్థాపన జరిగింది. ఢిల్లీ నుంచి కోల్‌కతాకు పోయే భుజంలో, బీహారు, జార్ఖండు ప్రాంతంలో జాతీయ రహదారుల సంస్థ తరఫున పనిచేసిన ఇంజనీరు సత్యేంద్ర దూబే. బీహారులోని సివాన్ జిల్లా పల్లెటూరివాడు. కాన్పూరు ఐ.ఐ.టి.లో సివిల్ ఇంజనీరింగు చదివాడు. అతని ఆఫీసు జార్ఖండులోని కోడర్మాలో ఉండేది.

అక్కడ తాను చూసినదంతా అతను 2002 నవంబరులో ప్రధానమంత్రి కార్యాలయానికి ఉత్తరం రాశాడు. అతని ఆరోపణలు క్లుప్తంగా ఇవి. పథకాల నివేదికలు సక్రమంగా తయారు కాలేదు. పెద్ద పెద్ద కంట్రాక్టర్లు పని దక్కించుకుని, దాన్ని సబ్-కంట్రాక్టు పేరుతో శక్తి చాలని చిన్నవాళ్ళ చేతుల్లో పెడుతున్నారు. యంత్రాలు తెచ్చుకోవడానికని ప్రభుత్వం ముందుగా ఇచ్చిన సొమ్ము దారి మళ్ళుతున్నది. పది రూపాయల పని చేతులు మారి మారి, చివరకు కంకర కొట్టేవాడి దగ్గరికి వచ్చేసరికి ఎంత మిగులుతుందో, దానితో ఎటువంటి రోడ్డు పడుతుందో పాఠకులే ఊహించుకోవచ్చు.

సంతకం లేని ఉత్తరాన్ని ఎవరూ లెక్క చేయరని అతనికి తెలుసు. అందుచేత తన పేరూ వివరాలూ వేరే కాగితం మీద రాసి జతపరచి, వాటిని రహస్యంగా ఉంచమని కోరాడు. ఆ కోరిక చెల్లలేదు. ఉత్తరం పేరుతో సహా ఒక బల్ల మీది నుంచి మరొక బల్ల మీదికి, ఒక కార్యాలయం నుంచి మరొక కార్యాలయానికి ప్రయాణం చేసింది. ఏ శాఖ మీద ఫిర్యాదు చేశాడో ఆ శాఖకే చేరింది.

2003 నవంబరు 27 తెల్లవారు జామున సత్యేంద్ర దూబే ఒక పెళ్ళికి వెళ్ళి తిరిగి వచ్చి, గయ స్టేషనులో దిగి, రిక్షాలో పోతూ ఉండగా తుపాకి గుండుకు బలి అయ్యాడు. వయసు ముప్పయ్యేళ్ళు.

న్యాయం పేరిట ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఈ కేసును దర్యాప్తు చేసిన సి.బి.ఐ. ఇది దోపిడీ కోసం జరిగిన హత్య అని తేల్చింది. 2010లో పాట్నాలోని న్యాయస్థానం ముగ్గురికి శిక్ష విధించింది. కంట్రాక్టర్లు చేయించారని ఏ కోర్టులోనూ రుజువు కాలేదు. రుజువు కానిదాన్ని నేను రాయను. కాని ఆ ఉత్తరం బయటపడిందన్నది మాత్రం రుజువు అక్కరలేని నిజం. దేశమంతటా వెల్లువెత్తిన ఆగ్రహం ఫలితంగా, అవినీతిని బయటపెట్టేవారి ఫిర్యాదులు గోప్యంగా తీసుకునే బాధ్యతను కేంద్ర విజిలెన్సు కమిషనుకు అప్పగిస్తూ 2004లో ప్రభుత్వం తీర్మానం చేసింది. అటువంటివారి రక్షణకు 2014లో చట్టమే వచ్చింది. రాజముద్ర పడింది గాని, ఆ తర్వాత పదేళ్ళు గడిచినా ఆ చట్టం అమలులోకి రాలేదు! అదీ ఒక రకంగా ఎం-బుక్కులో రోడ్డే. కాగితం మీద ఉన్నది, నడవబోతే కాలికి తగలదు.

ఈ కథలోని వైపరీత్యం గమనించారా? దాచవలసినది ఒక మనిషి పేరు. దాన్ని బజారున పెట్టారు. బజారున పెట్టవలసినది రోడ్డు లెక్క. దాన్ని బీరువాలో దాచారు. ఈ రెండూ తారుమారైనంత కాలం సత్యవంతుడికి భయం, దొంగకు ధైర్యం. ఒంటరివాడు ప్రాణానికి తెగించి చెప్పవలసిన అవసరమెందుకు వచ్చింది? లెక్క నలుగురికీ కనిపించకపోబట్టే గదా!

లెక్క బయట పెడితే ఏమవుతుందో రాజస్థానులోని కూలీలు చూపించారు. అక్కడి మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994 డిసెంబరులో పాలీ జిల్లా కోట్ కిరానా గ్రామంలో బహిరంగ విచారణ పెట్టింది. మస్టర్లు, బిల్లులు జనం మధ్య బిగ్గరగా చదివారు. పని చేయనివారి పేర కూలి రాసిన సంగతి ఆ పేర్లవాళ్ళ ఎదుటే తేలింది. ‘మా డబ్బు, మా లెక్క’ అన్న వారి కేక ఊరూరా పాకింది. ఆ పోరాటమే పెరిగి పెరిగి 2005లో సమాచార హక్కు చట్టానికి దారి తీసింది.

మన గడ్డ మీద కూడా ఇది జరిగింది. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే ఆరంభమైంది. ఆ పనుల మీద ఆనాటి ఆంధ్రప్రదేశ్ సామాజిక తనిఖీలు జరిపించింది. ఊరి కుర్రాళ్ళే టేపు పట్టుకుని పనులు కొలిచారు. మండలంలో ప్రజావేదిక మీద అధికారుల ఎదుటే కూలి జనం లేచి, “ఆ వారం నేను పనికే పోలేదయ్యా, నా పేర డబ్బు ఎవరు తీసుకున్నారు?” అని అడిగారు. తిన్న సొమ్మంతా తిరిగి వచ్చిందని నేననను. కాని అడిగే నోరు వచ్చింది.

సమాచార హక్కు చట్టంలో చాలామంది గమనించని విశేషం ఒకటున్నది. కాగితాల నకళ్ళు మాత్రమే కాదు, పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు, వాడిన సామాను నమూనాలు ధ్రువీకరించి తీసుకునే హక్కు కూడా అది పౌరుడికి ఇచ్చింది. ఎం-బుక్కు నకలు మనం అడగవచ్చు. ఆ రోడ్డులోని కంకర, తారు నమూనా కూడా అడగవచ్చు. సాధారణంగా ముప్పై రోజుల్లో జవాబివ్వాలి.

ఇదంతా డబ్బు గొడవే అయితే పోనీ అనుకోవచ్చు. 2013 నుంచి 2017 వరకు రోడ్ల గుంతల వల్ల 14,926 మంది మరణించారన్న లెక్కను 2018లో సుప్రీంకోర్టు ప్రస్తావించి, ఇది సహించరానిదన్నది. ఆ రోడ్లన్నిటికీ ఏదో ఒక పుస్తకంలో కొలతలుండే ఉంటాయి. కింద సంతకాలుండే ఉంటాయి.

ఈసారి మీ వీధిలో కంకర లారీ దిగినప్పుడు తలుపు వేసుకోకండి. మీ ఇంటి గోడకు పెట్టినంత శ్రద్ధ అక్కరలేదు. అందులో నాలుగో వంతు చాలు. అంచనా ఎంత, మందం ఎంత అని అడగండి. ఒక్కరుగా కాదు, పదిమందీ కలిసి అడగండి. తారు పోయక ముందే అడగండి. అడిగేవారు పదిమంది ఉన్న ఊళ్ళో నిజాయితీగల ఇంజనీరు రహస్యంగా ఉత్తరాలు రాసుకోనక్కరలేదు. పట్టపగలు టేపు చాపి, ఉన్న కొలతే రాసుకుని, ధైర్యంగా ఇంటికి పోతాడు.