మిరప సాగు సలహాకు ఆదేశ ఆధారిత చాట్ బాట్: ఖమ్మం – భద్రాచలం అటవీ సరిహద్దు ప్రాంతానికి అనువైన రూపకల్పన

మిరప ఆకులు ముడుచుకున్నాయని రైతు పంపే ఒక్క వాక్యం వెనుక కనీసం మూడు కారణాలు ఉండవచ్చు. తామర పురుగులు ఆశిస్తే ఆకులు పైకి ముడుచుకుంటాయి. తెల్లనల్లి ఆశిస్తే కిందికి ముడుచుకొని, ఆకు కాడలు సాగుతాయి. తెల్లదోమ ద్వారా వ్యాపించే జెమిని వైరస్ సోకితే ఆకులు చిన్నవై, మొక్క గిడసబారుతుంది. వైరస్ సోకిన మొక్కను ఏ మందూ బాగుచేయలేదు. నల్లి ఆశించిన తోటలో సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు వాడితే దాని ఉధృతి మరింత పెరుగుతుంది. కాబట్టి ఫోన్ ద్వారా సలహా ఇచ్చే చాట్ బాట్ వేగంగా జవాబివ్వడం ఒక్కటే చాలదు. కారణాన్ని విడదీసి అడగగలగాలి, తేల్చలేని చోట ఆగగలగాలి. ఆదేశ ఆధారిత బాట్‌కు ఈ రెండు లక్షణాలను సులభంగా కల్పించవచ్చు.

ఖమ్మం అనుభవం

తెలంగాణ ప్రభుత్వం, ప్రపంచ ఆర్థిక వేదిక కలిసి చేపట్టిన 'సాగు బాగు' ప్రయోగాత్మక కార్యక్రమం ఖమ్మం జిల్లాలో సుమారు 7,000 మంది మిరప రైతులతో 2022లో మొదలైంది. క్షేత్రస్థాయిలో డిజిటల్ గ్రీన్ సంస్థ దీనిని అమలు చేసింది. తెలుగు చాట్ బాట్ సలహాలతో పాటు భూసార పరీక్ష, కాయ నాణ్యత పరీక్ష, కొనుగోలుదారులతో అనుసంధానం ఇందులో భాగాలు. వేదిక ప్రకటించిన ఫలితాల ప్రకారం ఎకరా దిగుబడి 21 శాతం పెరిగింది. పురుగుమందుల వాడకం 9 శాతం, ఎరువుల వాడకం 5 శాతం తగ్గాయి. ధర 8 శాతం మెరుగుపడింది. అయితే ఈ సేవలన్నీ ఒకేసారి అందినందున, ఫలితాన్ని బాట్‌కు మాత్రమే ఆపాదించడం శాస్త్రీయం కాదు.

పనిచేసే విధానం

టెలిగ్రామ్ సంస్థ 2015లో బాట్ల తయారీకి తన వేదికను అందుబాటులోకి తెచ్చింది. రైతు పంపిన సందేశాన్ని ఆ వేదిక, బాట్ యజమాని ముందుగా నమోదు చేసిన వెబ్ చిరునామాకు చేరవేస్తుంది. దీనిని వెబ్‌హుక్ అంటారు. అక్కడి నుండి పని ఫ్రేమ్‌వర్క్‌ది. అది సందేశంలోని ఆదేశాన్ని గుర్తిస్తుంది, ఆ ఆదేశానికి కేటాయించిన ప్రోగ్రాం భాగానికి అప్పగిస్తుంది, రైతు అంతకుముందు ఇచ్చిన సమాధానాలను గుర్తుంచుకుంటుంది, చివరకు జవాబును తిరిగి పంపుతుంది. సర్వర్ సకాలంలో అందినట్లు తెలపకపోతే వేదిక అదే సందేశాన్ని మళ్లీ పంపుతుంది. సందేశ సంఖ్యను సరిచూసే ఏర్పాటు లేకపోతే రైతుకు ఒకే సలహా రెండుసార్లు చేరుతుంది.

తెలుగు బాట్ తయారుచేసేవారికి ఇక్కడ ఒక ఇబ్బంది ఎదురవుతుంది. టెలిగ్రామ్‌లో స్లాష్ గుర్తుతో మొదలయ్యే ఆదేశాలలో ఆంగ్ల చిన్న అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ మాత్రమే చెల్లుతాయి. పొడవు 32 అక్షరాలకు మించరాదు. తెలుగు లిపిలో ఆదేశం ఇవ్వడం కుదరదు. అందువల్ల రైతుకు తెలుగు బటన్లు చూపి, వాటి వెనుక చిన్న సంకేతాలను ఉంచాలి. ఆ సంకేతానికి 64 బైట్ల పరిమితి ఉంది. తెలుగులో ప్రతి అక్షరానికి, ప్రతి గుణింతపు గుర్తుకు 3 బైట్లు అవసరం కాబట్టి సంకేతాన్ని తెలుగులో రాస్తే 22 గుర్తులతోనే హద్దు దాటుతుంది. వాట్సాప్‌లో ఒక సందేశానికి 3 బటన్లు, జాబితా రూపంలో 10 ఎంపికలు మాత్రమే సాధ్యం. ప్రశ్నల క్రమాన్ని ఈ పరిమితులకు లోబడే కూర్చాలి.

మిరప ముడతకు ప్రశ్నల క్రమం

మొదటి ప్రశ్న: ఆకులు పైకి ముడుచుకున్నాయా, కిందికా, చెప్పలేరా? రెండవ ప్రశ్న: పూలను తెల్ల కాగితంపై దులిపితే నల్లని సన్నని పురుగులు రాలాయా? నల్ల తామర పురుగు 2021లో తెలుగు రాష్ట్రాల మిరపను తీవ్రంగా దెబ్బతీసింది. అది ముఖ్యంగా పూలలో ఉంటుంది కనుక ఆకును మాత్రమే అడిగే పాత క్రమం దానిని పట్టుకోలేదు. మూడవ ప్రశ్న: గిడసబారిన మొక్కలు తోటలో అక్కడక్కడా ఉన్నాయా, అంతటా ఉన్నాయా? 'చెప్పలేను' అన్న బటన్ ప్రతి ప్రశ్నకూ ఉండాలి. దానిని నొక్కినప్పుడు బాట్ మందు పేరు చెప్పకుండా ఫోటో అడిగి, శాస్త్రవేత్తకు పంపాలి.

రైతు బటన్ నొక్కకుండా 'ముడ్త', 'బొబ్బర' అని స్వయంగా రాస్తే, ఆంగ్ల లిపిలో తెలుగు టైప్ చేస్తే, ఆ రూపాలన్నిటినీ మొదటి ప్రశ్నకు చేర్చే పదపట్టిక అవసరం. ఆ పదం ఆధారంగా నేరుగా మందు సూచించరాదు.

అటవీ సరిహద్దులో ప్రత్యేక అవసరాలు

భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండగా, దానిని ఆనుకొని ఉన్న ఎటపాక ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. ఫోన్ సిగ్నల్ ఆధారంగా ప్రాంతాన్ని ఊహిస్తే రైతును పొరుగు రాష్ట్ర కార్యాలయానికి పంపే ప్రమాదం ఉంటుంది. రాయితీ, విత్తన సరఫరా వివరాలు రాష్ట్రాన్ని బట్టి మారుతాయి. కాబట్టి బాట్ మొదట మండలం పేరు అడగాలి. సిగ్నల్ తరచూ తెగే గూడేలలో వీడియో కన్నా చిన్న వచన సందేశం, కొద్ది నిడివి గల ధ్వని సందేశం మేలు. కోయ మాట్లాడే కుటుంబాలకు తెలుగు బటన్లు సరిపోవు. ప్రశ్నలను కోయలో రికార్డు చేసి, జవాబుకు అంకె నొక్కే ఏర్పాటు చేయాలి. ఇంటర్నెట్ లేని ఫోన్ గల రైతుకు కిసాన్ కాల్ సెంటర్ సంఖ్య 1800-180-1551 తెలిసి ఉండాలి.

విస్తరణ శాస్త్రవేత్తల బాధ్యత

ప్రోగ్రాం రాసే పని ఇంజనీరుది. జవాబుల పట్టిక శాస్త్రవేత్తది. ప్రతి జవాబుకు పంట దశ, సిఫారసు మూలం, ఆమోదించిన తేదీ, పునఃపరిశీలన తేదీ ఉండాలి. నల్లికి ఏళ్ల తరబడి సిఫారసు చేసిన డైకోఫాల్‌ను కేంద్ర ప్రభుత్వం 2023 ఉత్తర్వుతో నిషేధించింది. పాత కరపత్రాన్ని యథాతథంగా ఎక్కించిన బాట్ నేటికీ ఆ పేరే చెబుతుంది. గడువు దాటిన జవాబును ఫ్రేమ్‌వర్క్ తనంతట తానే నిలిపివేసేలా నిబంధన పెడితే ఈ ముప్పు తప్పుతుంది.

శాస్త్రవేత్తకు అప్పగించిన ప్రశ్నకూ గడువు ఉంది. వాట్సాప్‌లో రైతు చివరి సందేశం నుండి 24 గంటల లోపు మాత్రమే స్వేచ్ఛగా జవాబు రాయవచ్చు. ఆ తరువాత ముందుగా ఆమోదం పొందిన నమూనా సందేశమే వెళుతుంది. కాబట్టి పూత, కాయ దశలలో సెలవు రోజున కూడా ప్రశ్నలు చూసేవారిని నియమించాలి. అశ్వారావుపేట వ్యవసాయ కళాశాల విద్యార్థులు గ్రామాలలో ఉండి పనిచేసే నెలల్లో, రైతులు వాడే పదాలను సేకరించడం, 'చెప్పలేను' అన్న సమాధానాలు ఏ ప్రశ్న వద్ద ఎక్కువగా వస్తున్నాయో నమోదు చేయడం వంటి పనులు చేపట్టవచ్చు. వచ్చే ఖరీఫ్‌కు ఏ ప్రశ్నను తిరగరాయాలో ఆ నమోదులే చూపుతాయి.