పీఠిక లేని పుస్తకము – పేరు లేని చీర

బెంగళూరు చిత్రకళా పరిషత్తు ఎదుటి వీధిలో ఏటా జనవరి మాసమున చిత్రసంత జరుగుచున్నది. చిత్రకారుడు బొమ్మ ప్రక్కనే కూర్చుండి తానెవరో, ఎవరివద్ద నేర్చినాడో చెప్పుచుండును. అదే పరిషత్తు ఆవరణలో చేనేత ప్రదర్శన జరిగినప్పుడు చీరమీద ఊరి పేరు, దుకాణము పేరు ఉండును. నేసినవారి పేరు అరుదు. ఇటీవల కొందరు వర్తకులు నేతవారి ఫొటోను, వారి కష్టముల కథను చీరతోపాటు పెట్టుచున్నారు. ఇది మనకు మేలా, కీడా అని సభ్యులు కొందరు మమ్ము అడుగుచున్నారు. పనివారి కథ తెలిసినప్పుడు పనిని చూచు కన్ను ఎట్లు మారునో చెప్పుటకు మన భాషలోనే ఒక ఉదాహరణ ఉన్నది. అది ఈ నగరము పేరునే ఇంటిపేరుగా పొందిన ఒక విదుషీమణికి సంబంధించినది.

18వ శతాబ్దమున తంజావూరు నేలిన ప్రతాపసింహుని ఆస్థానములో ముద్దుపళని అను దేవదాసి 'రాధికా సాంత్వనము' అను శృంగార కావ్యము రచించినది. అందు అలిగిన రాధను కృష్ణుడే బుజ్జగించును. పీఠికలో తానెవరో, తన వంశపు స్త్రీలెవరో, తనకు జరిగిన గౌరవములెట్టివో ఆమె జంకు లేక చెప్పుకొన్నది. 1887లో పైడిపాటి వెంకటనరసుగారు కావ్యమును అచ్చువేయించినప్పుడు ఆ పీఠికను, మరికొన్ని పద్యములను విడిచినారు. పుస్తకము దొరికినది గాని, మనిషి దొరకలేదు.

బెంగళూరు నాగరత్నమ్మగారు 1878లో నంజనగూడులో జన్మించి, బెంగళూరులో మునిస్వామప్పగారివద్ద సంగీతము నేర్చినారు. ఆమెయు దేవదాసీ కుటుంబములోనివారే. ఆమె వ్రాతప్రతి సంపాదించి, అచ్చు పుస్తకముతో సరిచూచి, విడిచినవానిని చేర్చి 1910లో వావిళ్ళవారిచేత సంపూర్ణముగా ప్రచురింపజేసినారు.

వీరేశలింగం పంతులుగారు ముద్దుపళని సంగీత సాహిత్య ప్రజ్ఞను ఒప్పుకొన్నవారే. అయినను ఆమె పుట్టుకను ఎత్తిచూపి, ఇట్టి పద్యములు స్త్రీ నోట రాదగవన్నారు. నాగరత్నమ్మగారు సూటిగా అడిగినారు: మర్యాద అనునది స్త్రీలకేనా, పురుషులకు లేదా? పురుషులు ఇంతకంటె పచ్చిగా వ్రాసినవానిని పండితులు మెచ్చుకొనుచునే ఉన్నారు గదా! 1911లో ప్రభుత్వము అశ్లీలమని నిషేధపు చర్యలకు దిగినది. ఆ నిషేధమును 1947లో ప్రకాశం పంతులుగారు తొలగించినారు. 1952లో పుస్తకము మరల అచ్చయినది. నాగరత్నమ్మగారు గతించినదియు ఆ సంవత్సరమే.

ఒకరికి కవయిత్రి పుట్టుక పద్యమునకు మచ్చగా కనబడినది. మరొకరికి అదే తాళపుచెవి అయినది. రాధ అంత ధైర్యముగా ఎందుకు మాటలాడినదో దానివలననే తెలిసినది.

ఇక మన సంగతి. దుకాణములలో వినిపించు కథ తరచుగా ఒకటే: అప్పు, ఆకలి, మూలబడిన మగ్గము. అవి అబద్ధములు కావు. కాని జాలిపడి కొన్నవారు ఒకసారి కొందురు, రెండవసారి బేరమాడుదురు. వారి కన్ను మనిషి దైన్యము మీదనే నిలిచిపోవును. కుప్పడపు అంచు ఒడలితో ఎట్లు కలిసినదో చూడరు. తప్పు నేతకు క్షమాపణ దొరకును గాని, మంచి నేతకు ధర దొరకదు.

కష్టపు కథ అయినను పనిలోనుండి పుట్టినదైతే వేరు. పోచంపల్లి తీరు నేతలో ఒక్క చీరకు ఆసు పోయుటకు చేయి సుమారు 9,000 సార్లు ఆడవలెను. శారాజీపేట వాస్తవ్యులు చింతకింది మల్లేశంగారు తల్లి లక్ష్మిగారి భుజము నొప్పి చూడలేక 1999లో ఆసు యంత్రము తయారుచేసి, ఆమె పేరే పెట్టినారు. 2017లో పద్మశ్రీ పొందినారు. ఈ కథ విన్నవారు చీరలోని చిటికి బొమ్మ వెనుక ఎవరి చేయి ఆడినదో చూడగలరు.

1999 నాటి చట్టము క్రింద వచ్చు భౌగోళిక గుర్తింపు ఊరికి, ప్రాంతమునకు చెందునే గాని ఒక్క నేతవానికి కాదు. కావున పేరు మనమే వ్రాసికొనవలెను. చీరతో పంపు చీటీలో నేసినవారి పేరు, ఊరు, డిజైను ఎవరివద్ద నేర్చినది, అద్దకము ఎవరిది, మగ్గము మీద ఎన్ని దినములు పట్టినది వ్రాసిన చాలును. కండెలు చుట్టినవారు, ఆసు పోసినవారు, అచ్చు అతికినవారు ఇంటి ఆడవారైనచో వారి పేర్లును చేర్చవలెను. ఈ విషయములో మనవారు వెంకటనరసుగారికేమీ తీసిపోరు. ఇంటి అప్పుల సంగతి, పిల్లల ఫొటోలు ఇచ్చుట ఎవరి ఇష్టము వారిది. వర్తకుడు అడిగినంతమాత్రమున ఇవ్వనక్కరలేదు.