కుసియు, చీలయు, మరమేకును

బదిలీ యుత్తరువు వచ్చిననాడు ఉపాధ్యాయుని యింట మొదట కదలునది మంచము. ఖమ్మమునుండి సత్తుపల్లికి బోవు త్రోవలోనున్న యీ తల్లాడకు మేము చేరునాటికి మా సామాను రెండు తావులు మారినది. మా యత్తగారి టేకు నులకమంచము మూడవ తావునను కిఱ్ఱుమనక నిలిచెను. పట్టణమున కొని, పెట్టెలో విడిభాగములుగా దెచ్చుకొన్న పుస్తకముల బీరువా మాత్రము రెండవమారు విప్పి బిగించినంతనే యొకప్రక్కకు ఒరగినది. దాని దాపుననే మా చిన్నమ్మాయి అక్షరములు దిద్దుకొనుచుండెను. పుస్తకములు జారిన చప్పుడునకు పరుగెత్తి బిడ్డను లాగుకొంటిమి. నాటినుండి యీ బిగింపుల సంగతి తెలిసికొనవలెనని మాకు పట్టుదల కలిగెను.

మంచమున నేమున్నది? పట్టె కొనను సన్నగా చెక్కిన కుసి, కోడునందు దానికై తొలిచిన బెజ్జము. ఇనుపమేకు ఒక్కటియు లేదు. అల్లిన నులక పట్టెలను లోపలికి లాగుచుండుటచే కుసులు బెజ్జములలో అదిమి పట్టబడియుండును. వదులైననాడు కాళ్లవైపు త్రాడు బిగించిన చాలును. పడకకై చేయుచున్నామనుకొన్న ఆ పని మంచమునే నిలుపుచున్నదని మే మింతకాల మెఱుగము!

బల్లలకు, ద్వారబంధములకు నులక లేదు గదా. అక్కడ వడ్రంగి కుసికి అడ్డముగా రంధ్రము చేసి కఱ్ఱచీలను దిగగొట్టును. కఱ్ఱ వానలకు ఉబ్బును, ఎండలకు తగ్గును. అదియు నిడివిని గాక వెడల్పున. కఱ్ఱచీల దానితోపాటు మెలగును. ఇనుపమేకు మెలగదు సరిగదా, తడి తగిలి త్రుప్పుపట్టినచో చుట్టునున్న కఱ్ఱను గూడ చెఱచును.

మరమేకనిన తెలియనివారు మరచెంబు మూతను తలచుకొనవలెను. ఆ మరయే మేకుచుట్టును గలదు. కఱ్ఱలో తన గాడిని తానే కోసికొనుచు దిగును. మైకేల్ థోనెట్ అను వియన్నా పనివాడు 1859లో వంచిన కఱ్ఱముక్కలు 6, మరమేకులు 10, నట్టులు 2 మాత్రమే గల కుర్చీని చేసెను. విడదీసిన 36 కుర్చీలు ఒక ఘనమీటరు పెట్టెలో ఇమిడి దేశాంతరము పోయినవి. ఆ విద్యతోనే పేరుపొందిన స్వీడను సంస్థ ఐకియా 2018 ఆగస్టులో హైదరాబాదున మనదేశములోని తన మొదటి యంగడిని తెఱచినది. (మా బీరువా వారిది కాదు.)

మా బీరువా విషయమున తప్పు కొంత పలకది, కొంత మాది. కఱ్ఱపొట్టును జిగురుతో నదిమి చేసిన పలకలో మర మొదటిమారు బాగుగనే పట్టును. రెండవమారు పాతగాడి తప్పి క్రొత్తగాడి కోసినచో లోపల పొడియగును. బిగువు చాలలేదని మావారు ఇంకను త్రిప్పిరి; ఉన్నదియు పోయెను. వెనుకనుండు పలుచని పలక బదిలీలో విఱిగినదని మేము పారవైచితిమి. బీరువాను ఒరగనీయక పట్టునది ఆ పలుచని పలకయే!

కావున మరమేకును మరల బిగించునపుడు మొదట మెల్లగా ఎడమకు త్రిప్పవలెను. పాతగాడిలో టక్కున కూర్చున్నట్లు చేతికి తెలియును. అప్పుడు కుడికి త్రిప్పవలెను. రంధ్రము పాడైనచో కొంచెము పెద్దది చేసి, జిగురు పూసిన కఱ్ఱచీలతో నింపి, ఒక దినము ఆరనిచ్చి, దానియందు సన్నని క్రొత్త రంధ్రము చేయవలెను. పెట్టెతో వచ్చు కఱ్ఱచీలలను, మరమేకు లున్నవిగదా యని విడువరాదు. మరమేకు పలకలను దగ్గఱకు లాగును. అవి జారకుండ బరువు నోర్చునది చీల. దేనిని గాని మొదటనే గట్టిగా బిగింపరాదు. అన్నిటిని వదులుగా నెక్కించి, మూలనుండి ఎదుటి మూలకు దారము పట్టి, రెండు కొలతలును సమానమైన పిదపనే బిగింపవలెను. దీనికి బలము పనిలేదు, ఓర్పు కావలెను.

వెనుకకు క్రొత్త పలక వేయించి, పైభాగమును రెండు ఇనుపపట్టీలతో గోడకు బిగించితిమి. మరుసటి బదిలీకై మరమేకుల లెక్కయు, ఏది ఎక్కడిదో ఆ గుర్తులును చీటిపై వ్రాసి బీరువా లోపల అంటించితిమి.