మాటల గాదె

పంట చేతికి రాగానే రైతు ధాన్యమంతా తిండికే వాడుకోడు. మరుసటి ఏటి విత్తనానికని కొంత విడిగా గాదెలో దాచుకొంటాడు. భాషకు కూడా ఇటువంటి గాదెలు కావాలి. నోటి మాట పలికిన మరుక్షణమే గాలిలో కలిసిపోతుంది. ఆ మాట తెలిసిన పెద్దలు గతిస్తే దాని అర్థం కూడా వారితోనే పోతుంది. అందుకే మాటలను సేకరించి, క్రమపరచి, భద్రపరచే పని ఎంతో కాలంగా సాగుతున్నది. నిఘంటువులు, పదకోశాలు అన్నీ మాటల గాదెలే.

నేడు ఈ గాదెలు కంప్యూటరులోకి చేరుతున్నాయి. కంప్యూటరు చదవగల రూపంలో సమకూర్చిన నిఘంటువులను, గ్రంథ పాఠాలను, సంభాషణల ధ్వనిముద్రణలను డిజిటల్ భాషావనరులు అంటారు. వీటి గొప్పతనం పరిమాణంలో మాత్రమే లేదు. ఒకరు ఒక పనికోసం కూర్చినది మరెందరికో మరెన్నో పనులకు ఉపయోగపడుతుంది. దీనినే పునర్వినియోగం అంటారు.

పునర్వినియోగం కంప్యూటరుతోనే పుట్టినది కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటాన్ని ప్రచురించింది. అది వ్యవసాయానికి సంబంధించినది. 1971లో చేనేత పదాల సంపుటం వెలువడింది. పరిశోధకులు ఊళ్లకు వెళ్లి, ఆ పనులు చేసేవారినే అడిగి మాటలు సేకరించారు. ఏ మాట ఏ ప్రాంతంలో వాడుకలో ఉన్నదో కూడా నమోదు చేశారు. ఆ వివరాలే తరువాత మరొక పనికి వచ్చాయి. వ్యవసాయ పదాల వ్యాప్తిని పరిశీలించి కృష్ణమూర్తి తెలుగును నాలుగు మాండలిక మండలాలుగా విభజించి చూపారు. ఊరి పేరు రాయకుండా మాట ఒక్కటే రాసుకొని ఉంటే ఈ పరిశోధన సాధ్యమయ్యేది కాదు.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో మద్రాసులో అచ్చయింది. దాని 1903 నాటి ముద్రణను అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయం వారు కంప్యూటరులోకి ఎక్కించారు. ఇప్పుడు ఎవరైనా ఇంటి నుంచే అందులోని మాటను క్షణంలో వెదకవచ్చు.

పుస్తకాన్ని కంప్యూటరులోకి ఎక్కించడమంటే పేజీలను ఫొటో తీయడమేనా? కాదు. ఫొటోలో ఉన్న అక్షరం కంప్యూటరుకు బొమ్మ మాత్రమే. ఆ బొమ్మలో మాటను వెదకడం కుదరదు. అక్షరాలను టైపు చేయాలి, లేదా బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టే ప్రోగ్రామును వాడాలి. ఆ ప్రోగ్రాము 'ప'ను 'వ' అనీ, 'ధ'ను 'థ' అనీ పొరబడవచ్చు. కనుక మనుషులు చదివి తప్పులు దిద్దవలసిందే. తెలుగు వికీసోర్స్‌లో స్వచ్ఛంద కార్యకర్తలు ఈ విధంగానే పాత పుస్తకాలను దిద్దుతున్నారు.

అక్షరాలను దాచే పద్ధతి కూడా అందరికీ ఒకటిగా ఉండాలి. ఒకప్పుడు తెలుగు ఫాంట్లు తయారుచేసినవారు ఎవరి సంకేతాలను వారు వాడుకొన్నారు. ఒక ఫాంటులో టైపు చేసినది ఆ ఫాంటు లేని కంప్యూటరులో అర్థం లేని గీతలుగా కనిపించేది. ఈ చిక్కును యూనికోడ్ తొలగించింది. 1991లో వెలువడిన దాని మొదటి కూర్పులోనే తెలుగుకు స్థానం లభించింది. ఇందులో ప్రతి అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకూ ఒక స్థిరమైన సంఖ్య ఉంటుంది. 'తెలుగు' అన్న మాటనే చూడండి. అది కంటికి మూడక్షరాలు. కంప్యూటరుకు మాత్రం త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము – మొత్తం ఆరు సంకేతాలు. ఫాంటు మారినా ఈ సంకేతాలు మారవు. అందువల్ల ఒకరు టైపు చేసిన పాఠం మరొకరికి చెక్కుచెదరకుండా అందుతుంది.

అనేక రకాల రచనల నుంచి భాగాలను తీసుకొని కూర్చిన పెద్ద సంకలనాన్ని కార్పస్ అంటారు. మైసూరులోని భారతీయ భాషల కేంద్రీయ సంస్థ 1990 దశకంలో తెలుగుతో సహా దక్షిణాది భాషలకు ఇటువంటి సంకలనాలను సిద్ధం చేసింది. ఏ మాట ఎన్నిసార్లు వాడుకలో వస్తున్నదో వీటినిబట్టి లెక్కించవచ్చు. పిల్లల పుస్తకంలో ముందుగా ఏ మాటలు ఉండాలో నిర్ణయించడానికి ఆ లెక్క ఉపాధ్యాయులకు తోడ్పడుతుంది. నిఘంటుకర్తకు ప్రయోగాలు దొరుకుతాయి. తప్పులు పట్టే ప్రోగ్రాములకు, అనువాదం చేసే యంత్రాలకు, మాటను విని రాసే యంత్రాలకు ఇటువంటి సంకలనాలే పాఠశాల వంటివి.

యంత్రం తనకు చూపినదే నేర్చుకొంటుంది. ఒక ప్రాంతంలో 'గోంగూర' అనేదానిని మరొక ప్రాంతంలో 'పుంటికూర' అంటారు. ఒకచోట 'ఆనపకాయ', వేరొకచోట 'సొరకాయ'. సంకలనంలో ఒక మాటే చేరితే రెండవది యంత్రానికి తెలియదు. దానిని తప్పుగా చూపినా చూపవచ్చు. మాండలిక వృత్తిపదకోశం కోసం సేకరణ జరిగింది ఆంధ్రప్రదేశ్ జిల్లాలలో. అయితే తెలుగువారు రాష్ట్ర సరిహద్దుల లోపలే లేరు. హోసూరు తెలుగుకు తమిళ, కన్నడాలు ఇరుగుపొరుగు. బళ్లారిలో కన్నడం, బ్రహ్మపురంలో ఒడియా, చంద్రపూర్‌లో మరాఠీ పక్కనే వినిపిస్తాయి. యానాం చుట్టూ గోదావరి సీమ ఉన్నది. ఆయాచోట్ల తెలుగు పొరుగు మాటలను కలుపుకొని ఉండవచ్చు. మరెక్కడా వినరాని పాత మాటలను నిలుపుకొని ఉండవచ్చు. అది చెడిన తెలుగు కాదు, నమోదు కావలసిన తెలుగు.

ఈ సేకరణకు గొప్ప పరికరాలు అక్కరలేదు, జాగ్రత్త కావాలి. మాటను విన్నది విన్నట్లుగా రాయాలి, పుస్తక భాషలోకి మార్చకూడదు. అర్థం, ఒక వాక్యంలో ప్రయోగం, ఊరు, తేదీ, చెప్పినవారి వయస్సు, వృత్తి రాసి ఉంచాలి. గొంతును రికార్డు చేసే ముందు వారి అనుమతి అడగాలి. సేకరించినది దేనికి వాడతారో చెప్పాలి. పుస్తకాల విషయంలో గ్రంథస్వామ్యం గుర్తుంచుకోవాలి. భారతదేశంలో సాధారణంగా రచయిత గతించిన తరువాత 60 సంవత్సరాల వరకు హక్కులు ఉంటాయి. కూర్చినవారు ఇతరులు ఏ షరతులపై వాడుకోవచ్చునో ముందే రాసి పెడితే మళ్లీ అడగవలసిన పని ఉండదు. వాడుకొన్నవారు మూలాన్ని పేర్కొనాలి. కనుగొన్న తప్పులను తెలియజేయాలి.

తాతయ్య నాగలి భాగాలకు చెప్పే పేర్లు, నాయనమ్మ వంటింట్లో వాడే మాటలు, సంతలో వినిపించే కొలతల పేర్లు ఒక నోటుబుక్కులోకి చేరినా చాలు, గాదె నిండడం మొదలవుతుంది. ఆ నోటుబుక్కును యూనికోడ్‌లో టైపు చేస్తే రేపటి నిఘంటుకర్తకు అది విత్తనమవుతుంది. పొరుగు రాష్ట్రంలో పెరిగిన తెలుగు మాట కూడా అప్పుడు తెలుగు మాటల వరుసలో నిలుస్తుంది.