సగంలో తెగిన వాక్యం

1937 మే 6 సాయంత్రం. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, లేక్‌హర్స్ట్ మైదానం. జర్మనీ నుంచి అట్లాంటిక్ దాటి వచ్చిన హిండెన్‌బర్గ్ అనే గాలినౌక దిగబోతోంది. షికాగోలోని డబ్ల్యూఎల్ఎస్ రేడియో తరఫున హెర్బర్ట్ మారిసన్ ఆ దృశ్యాన్ని వర్ణిస్తూ రికార్డు చేయిస్తున్నాడు. వాన మళ్లీ మొదలైందంటాడు. నౌక ముక్కు నుంచి తాళ్లు వదిలారని, కింద మనుషులు అందుకున్నారని చెబుతాడు. వెనక మోటార్లు నౌకను కాస్త నిలబెట్టి ఉంచుతున్నాయని చెప్పబోతూ, ఆ వాక్యం పూర్తి కాకుండానే అరుస్తాడు: ‘ఇట్స్ బర్స్ట్ ఇన్‌టు ఫ్లేమ్స్’. భగ్గుమంది!

ఇంగ్లిషులో అదేమీ కొత్త ప్రయోగం కాదు. పేపర్లలో నలిగిన మాటే. అయినా ఇప్పుడు విన్నా ఒళ్లు జలదరిస్తుంది. ఆ బలం మంటల మాటలో కన్నా దాని ముందున్న వాన, తాళ్లు, మోటార్లలో ఎక్కువ ఉంది. మన చూపు తాళ్ల మీద ఉండగా మంట వస్తుంది. ‘అంతలో’ అనే మాట కూడా లేదు. తెగిన వాక్యమే ఆ పని చేసిపెట్టింది. పైగా ఆ రికార్డు ప్రసారమైంది మర్నాడు. నౌక కాలిపోయిందన్న వార్త అప్పటికే పొక్కింది.

మన వార్తల్లో దీనికి తలకిందులుగా రాస్తాం. ‘అందరూ చూస్తుండగానే ఒక్కసారిగా పెద్ద ఎత్తున మంటలు చెలరేగాయి’ అంటాం. మంట దగ్గరికి వచ్చేసరికే పాఠకుడు సిద్ధమైపోయి ఉంటాడు. నన్నడిగితే ముందు కొట్టేయాల్సింది ‘ఒక్కసారిగా’నే.

అసలు అది ఒక్కసారిగానే జరిగిందా అన్నది ఇంకో సంగతి. హిండెన్‌బర్గ్ విషయంలో నిజమే. దాని కడుపులో దాదాపు 2 లక్షల ఘనపు మీటర్ల హైడ్రోజన్ ఉంది. మంట అంటుకోని హీలియం అప్పట్లో అమెరికా చేతిలో ఉండేది; దాని ఎగుమతిపై ఆంక్షలు. నిప్పురవ్వ ఎక్కణ్నుంచి వచ్చిందన్న వాదన నేటికీ తెగలేదు గానీ, 245 మీటర్ల నౌక అర నిమిషం దాటీ దాటకముందే బూడిదైంది.

ఇల్లు అలా కాలదు. ఎక్కడో వైరు వేడెక్కుతుంది, కాలిన వాసన వస్తుంది, సోఫాలోని ఫోమ్ లోలోపల రాజుకుంటుంది. పొగ పైకప్పు కింద పేరుకుంటుంది. ఆ పొగ వేడి 500, 600 డిగ్రీలకు చేరేసరికి కింద ఉన్న మంచం, కర్టెన్లు, బట్టలు దాదాపు ఒకేసారి అంటుకుంటాయి. అగ్నిమాపక సిబ్బంది దీన్ని ఫ్లాషోవర్ అంటారు. ‘భగ్గుమంది’ అనే మాట ఈ క్షణానిది. దీనికి ముందు జరిగిందంతా రాజుకోవడం, అంటుకోవడం, పాకడం. ఎవరికి ముందు వాసన తగిలింది, ఎవరు తలుపు తీశారు అని అడిగి రాస్తే వార్త వేరేగా ఉంటుంది. అడగకపోతే ‘షార్ట్ సర్క్యూట్‌తో మంటలు చెలరేగాయి’ అన్న ఒక్క ముక్కతో సరిపెట్టుకోవాలి.

ఇక టమాటా ధర భగ్గుమంటుంది, బంగారం భగ్గుమంటుంది, టికెట్ రాని నాయకుడి వర్గంలో అసంతృప్తి భగ్గుమంటుంది. రోజూ శీర్షికల్లో ఇంతగా మండాక, నిజంగా గోదాము తగలబడిన రోజున ఆ మాటలో వేడి మిగలదు.

ఈ మాటతో మరో చిక్కుంది. అది కంటికి కట్టినట్టుంటుంది కాబట్టి తర్వాతి కథంతా మనమే ఊహించేసుకుంటాం. మారిసన్ అరుపు విన్నవారెవరైనా నౌకలో ఒక్కరూ మిగిలి ఉండరనే అనుకుంటారు. నిజానికి అందులో ఉన్న 97 మందిలో 62 మంది బతికారు. కింద మైదానంలో ఉన్న ఒకరితో కలిపి చనిపోయినవారు 36 మంది. కాస్త తేరుకున్నాక మారిసన్ మళ్లీ మైకు పట్టుకుని, బయటపడ్డవాళ్ల కబురు కూడా చెప్పాడు. ఇప్పుడు అందరూ వినిపించేది మాత్రం మొదటి ముక్కే.