భయపడువారి చెయ్యి పట్టుకొందాము



2025 జూన్ 12వ తేదీ గురువారం మధ్యాహ్నము అహ్మదాబాద్ నుండి లండన్‌కు బయలుదేరిన ఎయిర్ ఇండియా విమానము గాలిలోకి లేచిన కొద్ది క్షణాలకే వైద్య విద్యార్థుల వసతిగృహము మీద కూలిపోయిన సంగతి మీరందరూ ఎరుగుదురు. విమానములో ఉన్న 242 మందిలో ఒక్కరు మాత్రమే బ్రతికారు. నేలమీద ఉన్నవారిలో కూడా పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఆ సాయంత్రము మా నకిరేకల్‌లో ఏ ఇంటి ముందు నిలబడినా టీవీలో అదే మంట, అదే పొగ.

మా సంఘములో ఒక తల్లి ఉన్నది. భర్త లేడు. పొలము కౌలుకిచ్చి, ఒక్కగానొక్క కూతురిని నర్సింగు చదివించింది. ఆ బిడ్డ కువైట్‌లో ఉద్యోగము చేస్తున్నది. డిసెంబరులో తొలికాన్పు. అక్కడ చూసుకొనేవారు లేరు కాబట్టి తల్లిని రమ్మని టిక్కెట్టు కొంటానన్నది. పాస్‌పోర్టు కూడా వచ్చింది. ఆ రాత్రి టీవీ చూసిన తరువాత తల్లి ఫోనులో "నాతోటి కాదు బిడ్డా, నేను రాలేను" అని చెప్పి ఏడ్చింది.

ఈ సంగతి మాకు తెలిసింది. ఆ ఆదివారము ప్రసంగములో, ఆమె పేరు ఎత్తకుండానే, "విశ్వాసికి భయమెందుకు? భయపడుట అవిశ్వాసము కాదా?" అని గట్టిగా మాట్లాడాము. ఆమెను గూర్చియే చెప్పుచున్నామని సంఘములో అందరికీ తెలుసు. ఆమె తల వంచుకొని కూర్చున్నది. తరువాత రెండు నెలలు స్త్రీల కూటమునకు రాలేదు. మేము ధైర్యము చెప్పామనుకొన్నాము. నిజానికి ఆమె భయమునకు సిగ్గును కూడా జత చేశాము.

మేము ఎక్కిన విమానము

సెప్టెంబరులో సంఘ పని మీద మేము ఢిల్లీ వెళ్లవలసి వచ్చింది. రైలు టిక్కెట్టు దొరకలేదు. నలభై ఏళ్లు దాటిన మాకు అదే మొదటి విమాన ప్రయాణము. తెల్లవారకముందే బయలుదేరి, హైదరాబాదు మీదుగా శంషాబాదు చేరుకొన్నాము. లోపల కూర్చొని, తలుపు మూసిన చప్పుడు వినగానే గొంతు ఎండిపోయింది. ఇక దిగుతామన్నా దిగనివ్వరు గదా అనిపించింది. పైకి లేచిన తరువాత చక్రాలు లోపలికి ముడుచుకొన్న చప్పుడుకు ఏదో విరిగిందనుకొన్నాము. ఇంకా కొంతసేపటికి మబ్బులలో విమానము ఒక్కసారిగా కుదిపింది. మేము ముందు సీటును రెండు చేతులా పట్టుకొని కళ్లు మూసుకొన్నాము. ప్రార్థన చేద్దామంటే ఒక్క మాట రాలేదు.

పక్క సీటులో ఒక పడుచు పిల్లవాడు ఉన్నాడు. పాలమూరు వైపు వాడు, కట్టడము పనికి ఢిల్లీ పోతున్నాడు. అతడు మా చేతి మీద చెయ్యి వేసి, "మొదటిసారా సార్? గిది గాలిల గుంత సార్. మా ఊరి రోడ్డు మీద బస్సు ఎగురదా, గట్లనే. నాకు గూడ మొదట్ల శాన భయమైంది" అన్నాడు. దిగేవరకు ఆ చెయ్యి తీయలేదు. అతడు మమ్మును ఏ ప్రశ్నా అడుగలేదు, ఏ బోధా చేయలేదు. తనకు కూడా భయము కలిగిందని మాత్రము చెప్పాడు. ఆదివారము మేము చేయనిది ఆ పిల్లవాడు చేశాడు.

ఓడలో పౌలు

ఆ రాత్రి బసలో అపొస్తలుల కార్యముల 27వ అధ్యాయము తీసి చదివాము. ఎన్నోమారులు ప్రసంగించిన భాగమే, అయినా ఆ రాత్రి క్రొత్తగా కనబడింది. ఓడలో 276 మంది. పదునాలుగు రాత్రులు తుపాను. సూర్యుడు లేడు, నక్షత్రాలు లేవు. దేవదూత పౌలుకు మొదట చెప్పినది భయపడవద్దని. భయము లేనివానికి ఆ మాట చెప్పవలసిన పని ఏమున్నది? పౌలు కూడా భయపడినవాడే. తాను అంతకుముందే మూడుసార్లు ఓడ పగిలి శ్రమపడినట్లు కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రికలో ఆయనే చెప్పుకొన్నాడు. అయినా మరల ఓడ ఎక్కాడు.

ఆ ఓడలో ఆయన చేసిన పనులు చూడండి. భయపడుచున్నవారిని గద్దించలేదు. ఇన్నాళ్లూ తినలేదు, తినండని బ్రతిమాలి, తానే రొట్టె విరిచి అందరి ఎదుట తిన్నాడు. నావికులు చిన్న పడవలో రహస్యముగా తప్పించుకోబోతే, వారు ఓడలోనే ఉండాలని పట్టుబట్టాడు. ఓడ నడపడము తెలిసినవారు ఉండవలెనని ఆయన ఎరుగును. ప్రార్థన చేసేవాడు కాబట్టి పనివారి నైపుణ్యము అక్కరలేదనుకోలేదు. చివరకు ఓడ బద్దలైంది గాని, ఈత వచ్చినవారు ఈది, రానివారు పలకలు పట్టుకొని, అందరూ ఒడ్డు చేరారు.

తిరుపతి పొలములో

పాతవారికి ఒక సంగతి జ్ఞాపకముండవచ్చును. 1993 నవంబరు 15న మద్రాసు నుండి హైదరాబాదుకు వచ్చిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్ విమానము బేగంపేటలో దిగలేకపోయింది. దారి సరిగా కనబడలేదు. మరల పైకి లేచినప్పుడు రెక్కల వెనుక అంచున చాచుకొనే ఫ్లాప్స్ అనే పలకలు తిరిగి లోపలికి పోలేదు. అవి చాచి ఉంటే గాలి అడ్డుపడి విమానము మెల్లగా పోతుంది, ఇంధనము ఎక్కువ త్రాగుతుంది. మద్రాసుకు తిరిగి వెళ్లబోతే దారిలోనే ఇంధనము చాలలేదు. పైలట్లు తిరుపతి దగ్గర ఒక వరిపొలములో దానిని దింపారు. లోపల 262 మంది. సినీనటులు చిరంజీవి, బాలకృష్ణ, విజయశాంతి కూడా అందులో ఉన్నారు. 262 మందీ బ్రతికి బయటపడ్డారు.

2009 జనవరి 15న న్యూయార్కులో పక్షుల గుంపు తగిలి ఒక విమానము రెండు ఇంజన్లూ శక్తి కోల్పోయాయి. పైలట్లు దానిని హడ్సన్ నది నీటి మీద దింపితే 155 మందీ బ్రతికారు. ఇంజను ఆగగానే విమానము రాయి పడినట్లు పడిపోదు. రెక్కల క్రింద గాలి ఉన్నంతవరకు, గ్రద్ద రెక్క ఆడించకుండా తేలినట్లు, కొంత దూరము తేలుతూ దిగుతుంది. 2024 జనవరి 2న టోక్యోలో దిగుచున్న పెద్ద విమానము రన్‌వే మీద ఉన్న మరొక చిన్న విమానమును ఢీకొని మండిపోయింది. చిన్న విమానములో అయిదుగురు చనిపోయారు. పెద్ద విమానములోని 379 మందీ బయటపడ్డారు. సిబ్బంది చెప్పినట్లు సంచులు వదలి వరుసగా దిగడము అందుకు ఎంతో తోడ్పడింది.

ఇంకొక లెక్క కూడా చెప్పాలి. ప్రభుత్వ లెక్కల ప్రకారము 2022వ సంవత్సరములో మన దేశములో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. అంటే రోజుకు నాలుగు వందల అరవై మందికి పైగా. మన ఊరి ప్రక్కనుండి పోయే విజయవాడ హైవే మీద హెల్మెట్ లేకుండా, భార్యా పిల్లలను ఎక్కించుకొని మోటారు సైకిలు నడిపే మనకు భయము వేయదు. ఎందుకంటే హ్యాండిలు మన చేతిలో ఉన్నది, ఆ దారి మనకు అలవాటు. విమానములో మన చేతిలో ఏమీ లేదు. మన భయము ప్రమాదమును కొలిచి రాదు.

ఆ ఇంటికి వెళ్లాము

ఢిల్లీ నుండి వచ్చిన మరునాడే ఆ తల్లి ఇంటికి వెళ్లాము. "అమ్మా, ఆ ఆదివారము మేము మాట్లాడినది తప్పు. మాకు కూడా భయమైంది. మమ్మును క్షమించండి" అన్నాము. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఒక ప్రశ్న అడిగింది. "అయ్యగారూ, ఆ అహ్మదాబాదు విమానంల పోయినోళ్లు ప్రార్థన చెయ్యలేదా?"

పాఠకులారా, ఈ ప్రశ్నను దాటిపోరాదు. ఒకరు బ్రతికితే, ప్రార్థనవలన బ్రతికారని సాక్ష్యము చెప్పుకొంటాము. చనిపోయినవారి ఇంటివారు ఆ మాట వింటే ఏమనుకొంటారు? ఆ విమానములో ప్రార్థించినవారు ఉండేయుందురు. అపొస్తలుల కార్యముల 12వ అధ్యాయములో హేరోదు యాకోబును చంపించాడు. అదే అధ్యాయములో పేతురు చెరసాలనుండి విడిపింపబడ్డాడు. యాకోబు విశ్వాసము తక్కువైనదని అక్కడ వ్రాయబడలేదు. "వారు కూడా ప్రార్థించియుంటారమ్మా. అట్లా ఎందుకు జరిగిందో మేము చెప్పలేము. బ్రతికినా చనిపోయినా ఆయన చేయి విడువడని మాత్రము నమ్ముచున్నాము" అన్నాము. ఆమె తల ఊపింది. ఆ దినమునుండి మరల కూటమునకు రాసాగింది.

ఆ తరువాత మేము ప్రసంగములు మాని పని చేశాము. మాకు తెలిసిన కొద్ది సంగతులు ఆమెకు చెప్పాము. మీ ఇండ్లలో ఎవరైనా ప్రయాణమై ఉంటే వారికీ పనికివచ్చును.

విమానమును నడపడానికి ఇద్దరు పైలట్లు ఉంటారు. రెండు ఇంజన్లలో ఒకటి ఆగినా రెండవదానితో దిగగలిగేటట్లు విమానమును తయారుచేస్తారు. కుదుపు వచ్చినప్పుడు బెల్టు పెట్టుకొని కూర్చుంటే చాలు. లేచి తిరిగేవారికే ఎక్కువగా దెబ్బలు తగులుతాయి. రెక్కల దగ్గరి సీట్లలో కుదుపు కొంచెము తక్కువగా తెలుస్తుంది. చెవులు మూసుకుపోతే చాక్లెట్టు చప్పరించి గుటక వేయాలి. భయము ఎక్కువైతే గాలి మెల్లగా పీల్చి, ఇంకా మెల్లగా వదలాలి. మొదటిసారి ప్రయాణమని ఎక్కగానే సిబ్బందితో చెప్పుకొనుట సిగ్గు కాదు. బి.పి., గుండె జబ్బు ఉన్నవారు ముందుగా డాక్టరును అడిగి, మందులు చేతి సంచిలోనే ఉంచుకోవాలి. ముందురోజులలో ప్రమాదాల వార్తలు పదే పదే చూడకుండా టీవీ కట్టేయాలి.

స్త్రీల కూటము వారు ఇంకొక పని చేశారు. కువైట్‌కు తిరిగి పోవుచున్న మన వైపు కుటుంబమొకటి ఉన్నదని కనుగొని, అదే విమానమునకు టిక్కెట్టు తీయించారు. ప్రయాణమునకు ముందు ఒక దినమున ఇద్దరు సహోదరీలు ఆమెను శంషాబాదుకు తీసుకొనిపోయి, బయట నిలబడి విమానములు లేచుట, దిగుట చూపించి తెచ్చారు. "ఒకటి దిగంగనే ఇంకోటి లేస్తున్నది, బస్టాండు లెక్కనే ఉన్నది" అన్నదట ఆమె.

నవంబరు చివరి వారములో ఆమె బయలుదేరింది. బయలుదేరే ముందు ఇంట్లో చిన్న ప్రార్థన చేశాము. భయము తీసివేయుమని అడుగలేదు. భయములో తోడుగా ఉండుమని అడిగాము. మరునాడు ఉదయము ఫోను వచ్చింది. "అయ్యగారూ, మంచిగనే చేరుకున్న. భయం మాత్రం పోలేదు. భయంతోనే వచ్చిన. ఆ పక్కనున్న పిల్ల నా చెయ్యి ఇడువలే" అన్నది.

డిసెంబరులో ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమము. ఆ వార్త ఆదివారము సంఘములో చెప్పినప్పుడు, జూన్ నెలలో మేము ఆడిన మాటను కూడా అదే స్థలములో నిలబడి ఒప్పుకొన్నాము.

ప్రియులారా, మీ ఇంట్లో, మీ సంఘములో భయపడుచున్నవారు ఉందురు. విమానమునకు కావచ్చు, ఆపరేషనుకు కావచ్చు, కోర్టుకు కావచ్చు. వారి విశ్వాసమును తూచవద్దు. ప్రక్కన కూర్చొని చెయ్యి పట్టుకొనండి. ప్రభువు మీకు తోడైయుండునుగాక. ఆమేన్.